ఊపిరితిత్తులకెక్కిన గర్భసంచి గడ్డలు

కరోనా సద్దుమణిగిన ఏడాది నాకు వరంగల్‌లోని ఒక పెద్ద దవాఖానలో పాథాలజిస్టుగా పోస్టింగ్ వచ్చింది. రోగి ఒంట్లోంచి తీసిన ముక్కను సూక్ష్మదర్శినిలో చూసి, ఇది ఫలానా జబ్బు అని రాసివ్వడం మా పని. నేను చెప్పే కథల్లో సగం కోసేసి వినాలని మా ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు ముందే చెప్పేవారు. ఇది మాత్రం కోయకుండా వినండి.

తొర్రూరు దగ్గరి పల్లెలో పత్తి పండించే సరోజన, ఆటో బోల్తాపడి పక్కటెముక విరిగి వచ్చింది. సీటీ తీస్తే ఎముకతో పాటు రెండు ఊపిరితిత్తుల్లోనూ శనగగింజల్లాంటి గడ్డలు కనిపించాయి. దగ్గు లేదు, ఆయాసం లేదు. ఫిల్ము చూసినవాళ్లందరం క్యాన్సరే అనుకున్నాం.

సూదితో తీసిన ముక్కలో క్యాన్సర్ కణం ఒక్కటీ లేదు. ఉన్నది గర్భసంచి కండరం. ఊపిరితిత్తిలో! నా కథలు కూడా అంత దూరం పోలేదు. ఫైబ్రాయిడ్ గడ్డలున్నాయని కొన్నేళ్ల కిందటే ఆమెకు గర్భసంచి తీసేశారు. అప్పటి ముక్క మా ల్యాబులోనే మైనపు దిమ్మెలో భద్రంగా ఉంది. రెండింటినీ జన్యు పరీక్షకు హైదరాబాద్ పంపాం. రెండింటి క్రోమోజోముల్లోనూ ఒకే మార్పు. అంటే అన్నీ ఒకే కణం సంతానం. నెత్తురు వెంట పైకి పోయి అక్కడ కూర్చున్నాయి. అరుదైన సంగతే గాని క్యాన్సర్ కాదు. పుట్టుకతో వచ్చిన మార్పు కాదు కాబట్టి పిల్లలకు రాదు. ఏడాదికోసారి సీటీ తీసి చూసుకుంటే చాలు.

ఇంత మంచి కబురు నేనే చెప్పాలని వార్డుకు వెళ్లాను. సరోజన అంతా విని, పక్కనున్న కూతురి వైపు తిరిగింది. కూతురు మౌనిక హనుమకొండ హాస్టల్లో ఉండి డిగ్రీ మొదటి ఏడాది చదువుతోంది.

"సారు కథ మంచిగ చెప్పిండు బిడ్డా," అని నవ్వింది సరోజన. "నన్ను గన్న అవ్వకు క్యాన్సరొస్తె నేను గూడ గిట్లనే చెప్పిన సార్. ఏం లేదే అవ్వా, ఉత్త గడ్డలే, కరిగిపోతయని. నమ్ముకుంటనే పోయింది."

"ఇది నిజమమ్మా, ఒట్టు," అన్నాను.

"అప్పుడు నేను గూడ ఒట్టేసిన."

"అమ్మా, రిపోర్టుల గూడ అదే రాసిన్రే!" అంది మౌనిక.

"రిపోర్టు ఇంగిలీషుల ఉంటది. సదివి చెప్పేది నువ్వు. నువ్వు నా బిడ్డవు గాదా?"

మా దగ్గర క్యాన్సర్ రోగికి ఆ పేరు చెప్పనివ్వరు. బంధువులు డాక్టరును పక్కకు పిలిచి బతిమాలుతారు. డాక్టరు 'ఏం లేదు' అంటాడు. నిజంగా ఏం లేనప్పుడు చెప్పడానికి నా దగ్గర వేరే మాట లేకపోయింది.

తాను పోయేలోపు చూడాలని సరోజన ఆ మాఘంలోనే మౌనిక పెళ్లి చేసేసింది. చదువు ఆగింది.

మరుసటి ఏడు సరోజన ఒక్కతే సీటీకి వచ్చింది. గడ్డలు రవ్వంత కూడా పెరగలేదు. ఫిల్ము పట్టుకుని నా గదికి వచ్చింది.

"నిజంగనే ఏం లేకుండెనా సార్?"

లేదన్నాను.

"పిల్ల మళ్ల సదువుకుంటనంటె అత్తగారోళ్లు పంపుతలేరు. ఇప్పుడు దానికేం చెప్పాలె?"

ఆమె ఫిల్ము చుట్టుకుని వెళ్లిపోయింది.

నిరుడు ముందస్తు పదవీ విరమణ తీసుకునేదాకా, ఏ బంధువు బతిమాలినా రోగికి అబద్ధం చెప్పడానికి నేను ఒప్పుకోలేదు. కొందరు నన్ను కసాయి అన్నారు. జబ్బు ఉన్నవాళ్లకు లేదని చెబుతూ పోతే, లేనివాళ్లకు లేదని నమ్మించే దారి మిగలదు. ఆ కేసులో నేను నేర్చుకున్నది ఇంతే.