పాలు కాగేంత పాట

మా బావ ఫ్రిజ్‌లు బాగుచేస్తాడు. ఆయన అసలు పేరు చెబితే చుట్టుపక్కల ఎవరికీ తెలియదు గానీ, గిటారు మెకానిక్ అంటే చిన్నపిల్లలు కూడా షాపు దాకా తీసుకెళ్ళి వదిలిపెడతారు. దాంతో కొత్తవాళ్ళు కొందరు పాడైన గిటార్లు పట్టుకుని వచ్చేస్తారు. అవి బాగుచెయ్యడం తనకు రాదనీ, ఫ్రిజ్ ఏదైనా ఉంటే తెమ్మనీ ఆయన చెబుతాడు. చెప్పి ఊరుకుంటే బాగుండేది. తెచ్చినదాన్ని ఒళ్ళో పెట్టుకుని, శ్రుతి చేసి, తనివితీరా వాయించి మరీ పంపిస్తాడు. ఈలోగా ఫ్రిజ్ చెడిపోయినవాళ్ళు ఇంకో షాపు చూసుకుంటారు.

మా అక్క ఆ గిటారుని "పెద్దావిడ" అంటుంది. తనకంటే ముందే ఆయన జీవితంలోకి వచ్చింది కాబట్టి తను చిన్నావిడట. "పెద్దావిడకి బీరువా మీద చోటు, నాకు వంటింట్లో చోటు" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పేది. అందులో అబద్ధమేమీ లేదు. వాళ్ళది రెండు గదుల ఇల్లు. బీరువా మీద గిటారు పెట్టె, దాని మీద దుమ్ము పడకుండా అక్క పెళ్ళినాటి దుప్పటి. బావ కుడిచేతి గోళ్ళు పెంచుతాడు, ఎడమచేతి గోళ్ళు మొదలంటా కత్తిరిస్తాడు. ఆ కుడిచేతి గోరు తగిలి అక్క చీరల్లో ఎన్ని దారాలు లేచిపోయాయో లెక్కలేదు. తెగిన తీగల్ని మాత్రం అక్క పారెయ్యనిచ్చేది కాదు. ఒకదానితో సబ్బు ముక్కలు కోసేది, ఇంకోదానితో వంటింటి కిటికీకి కర్టెన్ కట్టింది. సవతి ఆస్తిలో తన వాటా అనేది.

నేను అక్క పక్షం. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అంతే. నాకు సంగీతం తెలియదు, తెలుసుకోవాలన్న సరదా కూడా లేదు. రోజూ సాయంత్రం నా మందుల షాపు కుర్చీలోంచి లేచి టీ కోసం వాళ్ళింటికి వెళ్తే, ఆ ఒక్క పాటే చెవిన పడేది. పెళ్ళి కుదిరిన కొత్తలో బావ అక్క కోసం కట్టిన పాట అది. మాటల్లేవు, వట్టి వరసే. "నీకోసం ఒక పాట కట్టాను, పెళ్ళయ్యాక వినిపిస్తా" అని మాటిచ్చాడు. అక్క మురిసిపోయింది. మాటిచ్చే ముందు ఆ మనిషి తన చిటికెనవేలి పొడవు చూసుకుని ఉండాల్సింది.

సంగతేమిటంటే, పాట సగానికి వచ్చాక ఒకచోట ఎడమచేతి చిటికెనవేలు బాగా దూరం సాగి ఒక తీగని నొక్కాలి. ఆయన వేలు అంతదూరం వెళ్ళదు. తీగ గరగరమంటుంది. బావ "ఛ" అంటాడు, మళ్ళీ మొదటికొస్తాడు. పాట కట్టింది తనే కదా, ఆ ముక్క మార్చేసుకోవచ్చు కదా అని ఒకసారి అడిగాను.

"అసలు పాట అక్కడే మొదలవుతుందిరా. ముందున్నదంతా దారే" అన్నాడు.

ఇలాంటి మనిషితో ఏం మాట్లాడతాం?

ఏళ్ళు గడిచేకొద్దీ ఇల్లు ఆ పాటకి అలవాటుపడిపోయింది. ఆయన బీరువా మీంచి పెట్టె దించగానే అక్క పొయ్యి మీద పాలు పెట్టేది. లోపల్నుంచి "ఛ" అని వినపడగానే పొయ్యి కట్టేసేది. ఒక్కనాడూ పాలు పొంగిపోలేదు. మా మేనకోడలు నేర్చుకున్న మొదటి మాట అమ్మా కాదు, నాన్నా కాదు, "ఛ". ఆ పిల్ల బడిలో చేరాక ఒకరోజు బావ దాన్ని ఇంటికి తీసుకురావడం మరిచిపోయి, పైగా ఆవేళ వేలు కాస్త దగ్గరదాకా వెళ్ళిందని సంబరంగా చెప్పాడు. అక్క ఆ వారమంతా ఆయనతో మాట్లాడలేదు. ఆయన ఆ విషయం గమనించాడో లేదో నాకు ఇప్పటికీ అనుమానమే.

ఆ పిల్లే పెద్దదై నర్సింగ్ ప్రవేశపరీక్షకి చదవడం మొదలుపెట్టింది. అప్పుడు అక్క గట్టిగా పట్టుబట్టింది.

"పరీక్ష అయ్యేదాకా పెద్దావిడని పుట్టింటికి పంపించెయ్యండి."

పుట్టిల్లంటే షాపన్నమాట. బావ పెట్టె దించి నా చేతికిచ్చాడు. గిటారుని నేనే స్కూటర్ మీద పెట్టుకుని తీసుకెళ్ళి, చచ్చిన ఫ్రిజ్‌ల మధ్య దించి వచ్చాను. వస్తూ వస్తూ ఈల కూడా వేశాను. అక్క గెలిచిందని నా ఆనందం.

పరీక్ష అయిపోయింది. పిల్లకి సీటొచ్చింది. గిటారు మాత్రం ఇంటికి రాలేదు, దాని వెనకాలే బావ కూడా వేళకి రావడం మానేశాడు. షట్టరు సగం దించి షాపులోనే వాయించుకునేవాడు. అందరి భోజనాలయ్యాక వచ్చి, మూత పెట్టి ఉంచింది తిని పడుకునేవాడు. ఇంట్లో పాలు రోజు విడిచి రోజు పొంగిపోయేవి. అక్క ముందు పొయ్యిని తిట్టింది, తర్వాత గిన్నె మార్చింది, ఆ తర్వాత పాలవాడితో గొడవపెట్టుకుంది.

"ఇల్లు ఆస్పత్రిలా ఉంది మావయ్యా" అంది మేనకోడలు ఒకరోజు.

"నువ్వు వెళ్ళేది ఆస్పత్రికేగా, అలవాటు చేసుకో" అన్నాను. అది నవ్వలేదు.

అక్క అయితే, నా ముందు టీ పెడుతూ, "మీ బావ ఇప్పుడు మా ఇంటికి భోజనానికొచ్చే చుట్టం" అంది. నవ్వుతూనే అంది గానీ నాకు నవ్వులాట అనిపించలేదు. టీ అక్కడే వదిలేసి, బావని నాలుగు కడిగేద్దామని షాపుకి బయల్దేరాను.

షట్టరు దగ్గర ఆగిపోయాను. లోపల పాట ఆ చోటికి వచ్చింది. ఆగలేదు. దాటింది. దాటాక ఉన్న పాట నేనెప్పుడూ వినలేదు కదా, ఎవరూ వినలేదు. నాకు సంగీతం తెలియదని చెప్పాను. అయినా తిట్టడానికి వచ్చిన సంగతే మరిచిపోయి, షట్టరు కింద నుంచి వంగి లోపలికి వెళ్ళాను.

"వచ్చేసిందిరా" అన్నాడు బావ, వేళ్ళు విరుచుకుంటూ. "పెళ్ళిరోజుకి మీ అక్కకి వినిపిస్తాను. ఇన్నాళ్ళూ దానికి సగం పాటే ఇచ్చాను. ఒక్కసారి చివరిదాకా వింటే చాలు, ఆ తర్వాత ఇది బీరువా ఎక్కేసినా ఫర్వాలేదు. వేళకి ఇంటికొచ్చేస్తా. ఈలోగా దానికి చెప్పకు."

పెళ్ళిరోజు సాయంత్రం మేడ మీద కుర్చీలు వేశాం. చుట్టాలు, ఇరుగుపొరుగువాళ్ళు, బావ బాగుచేసిన ఫ్రిజ్‌ల తాలూకు జనం కూడా వచ్చారు. బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, పెళ్ళికొడుకులాగే చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. అక్క ముందు వరసలో, సరిగ్గా ఆయన ఎదురుగా. పాట మొదలైంది. అందరికీ తెలిసిన పాటే, గోడలవతల నుంచి వినీ వినీ పక్కింటివాళ్ళు తలలూపుతున్నారు. నేను మాత్రం ఆయన చిటికెనవేలే చూస్తున్నాను.

ఆ చోటు వచ్చింది. అక్క లేచి నిలబడింది.

ఆలోచించి లేవలేదు. కాళ్ళే లేచాయి. కింద వంటింట్లో కాఫీకి పాలు పెట్టి వచ్చింది మరి. చీర కుచ్చిళ్ళు కాస్త ఎత్తి పట్టుకుని చకచకా మెట్లు దిగిపోయింది. మేనకోడలు చప్పట్లు కొట్టింది, దానికి తెలిసినంతలో పాట అక్కడితో అయిపోతుంది. దాన్ని చూసి అందరూ కొట్టారు. కుర్చీలు జరిగాయి. ప్లేట్లు ఎక్కడున్నాయని ఎవరో అడిగారు.

బావ ఆపలేదు. చిటికెనవేలు సాగి, చక్కగా తీగ మీద వాలింది. గంట కొట్టినట్టు మోగింది. ఆ గోలలోనే, ఖాళీ కుర్చీని చూస్తూ, చివరిదాకా వాయించాడు. విన్నది నేనొక్కణ్ణే. ఎవరికోసం కట్టాడో ఆ మనిషి కింద పాలు దించుతోంది. నాకు ఏడుపొచ్చింది, ఎవరిమీద కోపం తెచ్చుకోవాలో తెలియక.

అక్క కాఫీల ట్రేతో పైకొచ్చి మొదటి కప్పు ఆయనకే ఇచ్చింది.

"చాలా బాగా వాయించారండీ. ఇవాళ ఛ అని కూడా అనలేదు" అంది. "అయ్యాక ఇంకేదో వాయించినట్టున్నారు, మెట్ల మీద వినపడింది. ఏంటది, సినిమా పాటా?"

నేను నోరు తెరిచాను. బావ నావైపు చూసిన చూపుకి మళ్ళీ మూసేశాను.

"ఆఁ, ఏదోలే" అని కాఫీ అందుకున్నాడు.

మర్నాడు అక్కే కబురుపెట్టింది, పెద్దావిడ లేకపోతే రోజూ పొయ్యి తుడుచుకోలేక చస్తున్నానని. సాయంత్రం నేను టీకి వెళ్ళేసరికి బావ అప్పుడే వచ్చి పెట్టె దించుతున్నాడు. లోపల అక్క పాలు పెట్టింది. నేను ఆయన ఎదురుగా కూర్చున్నాను కాబట్టి ఎడమచెయ్యి బాగా కనపడుతోంది. పాట ఆ చోటికి వచ్చింది. చిటికెనవేలు ఏ ఇబ్బందీ లేకుండా సాగి, దాని చోట్లో అది కుదురుకుంది. కుడిచెయ్యి మాత్రం తీగ మీటలేదు.

"ఛ" అన్నాడు బావ.

వంటింట్లో పొయ్యి టక్కున ఆగింది.

"ఎప్పటికి వస్తుందండీ మీకు అది?" అంది అక్క లోపల్నుంచి.

"వస్తుందిలే, తొందరేముంది" అన్నాడు బావ, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకుంటూ.