రెడ్యా భుజానికి వినిపించిన లారీ

రెండువేల ఆరు, ఆగస్టు ఐదు, శనివారం. ఉదయం ఎనిమిది దాటినా దీపం లేనిదే అక్షరం కనిపించనంత మబ్బు. మూడు రోజులుగా వాన తెరిపి ఇవ్వలేదు. సత్తుపల్లిలోని మా చెల్లెలి ఇంటి నుంచి బూర్గంపాడుకు తిరిగివస్తున్న నేను, బస్సులు ఆగిపోవడంతో, జామాయిల్ కర్ర వేసుకొని కాగితం మిల్లుకు పోతున్న పగిడయ్య లారీ ఎక్కాను.

పగిడయ్య ఒక వాగును ఎలాగో దాటించాడు. ఒడ్డెక్కిన కొద్దిసేపటికే ఇంజన్ దగ్గడం మొదలుపెట్టింది.

“మిస్సింగ్ కొడ్తాంది సార్,” అన్నాడు.

ముప్పయ్యేళ్లు వ్యాకరణం బోధించినవాణ్ని. ఈ ప్రయోగాన్ని ఏ నిఘంటువులోనూ చూడలేదు. తప్పిపోవడాన్ని ‘కొట్టడం’ ఏమిటని మొదట నొచ్చుకున్నాను. కూర్చున్న సీటు కింద ఆ తప్పు నిజంగానే దెబ్బ కొట్టి చూపించాక, అంతకన్న సరైన క్రియ నాకూ తోచలేదు.

“ముందల వాగు గిట్ల రోడ్డెక్కిందంటే ఇద్దరం ఈడ్నే కాపురం పెట్టాలె,” అంటూ పగిడయ్య బండిని రోడ్డు పక్క రేకుల షెడ్డు దాకా ఈడ్చుకొచ్చాడు. అది మెకానిక్ రెడ్యాది.

రెడ్యా నాకు కొత్తవాడు కాడు. తండా నుంచి మూడు మైళ్లు నడిచి వచ్చి, మా బడిలో తొమ్మిదో తరగతి చదివాడు. పిలిస్తే పలికేవాడు కాడు. ఉక్తలేఖనంలో అతనికి నేను వేయని సున్నా లేదు. ఛందస్సులో మాత్రం, గురువుకు గట్టిగా, లఘువుకు మెల్లగా నేను అతని వెనుక బల్లమీద తట్టి పద్యం చెబితే, గణవిభజనలో అతనిదొక్కటే తప్పులేని కాగితం. నమ్మలేక దానిపై ఎర్రసిరాతో ‘చూసి రాసినది’ అని రాసి, గోడకుర్చీ వేయించాను.

ఇక్కడ ఒక సంగతి ముందే చెప్పాలి. ఆ ఉదయం నాకది తెలియదు. రెడ్యాకు చిన్ననాటి నుంచీ చెవులు మందం. ఆ ఏటికి దాదాపు పూర్తిగా పోయాయి. అతని భార్య చాంది షెడ్డులో కూర్చొని ఇంజన్ తీరును వేళ్లతో సైగ చేస్తుండేది. ఆమెకు తప్ప ఇంకెవరికీ తెలియదు. చెవులు లేని మెకానిక్ ముందు ఏ డ్రైవరూ బండి ఆపడు. కనుక ఆ గుట్టు మీదనే వారి బతుకు నిలిచి ఉంది. ఆ రోజు చాంది, మేము దాటివచ్చిన వాగు అవతల, తండాలో చిక్కుకుపోయింది.

“ఏంది రెడ్యా, నీ మేనేజరమ్మ లేదా ఇయ్యాల?” అన్నాడు పగిడయ్య. రెడ్యా నవ్వి, పానా అందుకున్నాడు. నన్ను చూసి రెండు చేతులూ జోడించాడు.

ఇంజెక్టర్లకు డీజిల్ తెచ్చే ఆరు గొట్టాల నట్లను ఒకటొకటిగా వదులు చేసి, మళ్లీ బిగించాడు. పనిచేసే సిలిండర్ దగ్గర వదులు చేస్తే ఇంజన్ మరింత కుంటుతుందట. చచ్చినదాని దగ్గర మార్పుండదట. ఒక అరచేయి ఇంజన్ మీదనే ఉంచాడు. అయితే ఆ లారీ పాతది, ఒళ్లంతా వణుకే. అందులో ఏది తప్పో చేతికి అందదు.

“మూడోది పోయింది,” అన్నాడు.

ఇంజెక్టర్ మార్చడానికి గంట పట్టింది. నేను షెడ్డు అంచుకు నాలుగుసార్లు వెళ్లి చూశాను. ముందున్న వాగు కల్వర్టు కింది నీరు రాతి వరుసలను ఒక్కొక్కటిగా మింగుతోంది. పగిడయ్య బీడీలు సగంలోనే పారేస్తున్నాడు.

బండి స్టార్టు చేశారు. రెడ్యా చేతులు తుడుచుకొని, “సాఫైంది. పో పగిడన్నా,” అన్నాడు.

ఇంజన్ దగ్గుతూనే ఉంది.

“ఏంది సాఫైంది? ముసలోని లెక్క దగ్గుతాంటే! చెవులల్ల దూది కుక్కుకున్నవా?”

రెడ్యా చూపు పగిడయ్య పెదవుల మీద నిలిచింది. ఆ చూపు నేనెరిగినదే. తొమ్మిదో తరగతి వెనుక బల్ల నుంచి ఏడాది పొడవునా అది నా నోటినే వెదికింది. నేను దానికి మొండితనమని పేరు పెట్టాను. అతడు పద్యాన్ని చెవితో వినలేదు. బల్లమీద ఆనించిన చేతులతో విన్నాడు.

లేచి వెళ్లి, వయసు మీదపడినవాడు ఆసరా కోరినట్టుగా అతని భుజం మీద చేయి వేశాను. ఇంజన్ దగ్గినప్పుడల్లా వేలితో ఒక దెబ్బ వేశాను. ఒకటి. చాలాసేపు ఏమీ లేదు. వెంటవెంటనే రెండు. మళ్లీ ఒకటి.

“సార్, వాణ్ని జోకొడ్తున్నరా? నిద్రపోతడు!” అన్నాడు పగిడయ్య.

రెడ్యా కదలలేదు. కళ్లు మూసుకున్నాడు. నా వేలు మరో పదిసార్లు తట్టాక తలెత్తాడు.

“ఒక్క సిలిండర్ సస్తే లెక్కగ తప్పుతది అన్నా. ఇది ఒకపారి ఈడ, ఒకపారి ఆడ తప్పుతాంది. ఇంజెక్టర్ అన్నది నా తప్పే. డీజిల్ల నీళ్లున్నయి.”

ట్యాంకు అడుగు మర విప్పి ఒక గాజు సీసా నింపి, మెట్టు మీద నిలబెట్టాడు. కాసేపటికి డీజిల్ పైకి తేలింది. అడుగున నాలుగు వేళ్ల మందాన నీళ్లు.

“మూత ఏది?” అని అడిగాడు.

పగిడయ్య మెడ గోక్కున్నాడు. “మొన్న డీజిల్ కొట్టించిన కాడ మర్చిపోయిన. గోనెగుడ్డ కుక్కిన.”

“మూడు దినాల వానల గోనెగుడ్డనా! నువ్వు గొడుగు బదులు జల్లెడ పట్టుకపోతవా అన్నా?”

ఆ సిగ్గులో పగిడయ్య రెడ్యా చెవుల సంగతి మరిచాడు. ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్లు కడిగి, డ్రమ్ములోని డీజిల్ పోసి, గొట్టాల్లోని గాలి తీశారు. ఇంజన్ మళ్లీ మేలుకుంది. రెడ్యా తనంతట తానే వచ్చి నా చేతి కింద భుజం పెట్టి నిలబడ్డాడు.

నా వేళ్లు కదలలేదు. ఎంతసేపటికీ కదలలేదు. అప్పుడతడు ఊపిరి వదిలాడు.

అతనికి క్షమాపణ చెప్పవలసింది. మాట నోటిదాకా వచ్చింది. ఎలాగూ వినపడదు కదా అనే ఒక పిరికి ఊరటతో మింగి, లారీ ఎక్కాను. నీళ్లు రోడ్డెక్కకముందే వాగు దాటాము. ఆ మింగిన మాట మాత్రం ఈనాటికీ లోపల కుదురుగా ఉండదు.

ఆరేళ్ల తర్వాత వచ్చిన జాబును ఉన్నదున్నట్టు ఇస్తున్నాను. అక్షరం దిద్దలేదు.

“సార్‌కు రెడ్యా నమస్కారాలు. ఆ దినం మీరు పగిడన్నకు చెప్తరనుకున్న. చెప్పలే. ఆరు నెలలు భయంతోనే పని చేసిన. ఆఖరికి చాంది తిట్టింది, సార్‌కు తెలిస్తే సావలేదు గదా, అందరికి తెలిస్తే సస్తవా అని. నేనే పగిడన్నకు చెప్పిన. అరె, గిన్నేండ్లు తిట్టిన తిట్లన్ని దండగైనయి గదరా అన్నడు. రెండు నెలలు బండ్లు రాలే. మల్ల పగిడన్నే నలుగురిని తోలుకొచ్చిండు. ఇప్పుడు డ్రైవర్లు వస్తే ముందుగాల నా భుజం మీద కొట్టి చూపిస్తరు, ఇంజన్ ఎట్ల తప్పుతుందో. కొందరు కావాలని గట్టిగ కొడ్తరు. మీ అంత సక్కగ ఎవ్వరికి రాదు.

ఈ జాబుతో నా తొమ్మిదో తరగతి కాగితం పంపుతున్న. అండ్ల మీరు ఎర్రసిరతో ఒక మాట రాసిన్రు. అది చూసి రాసింది కాదు సార్. వీలైతే ఆ మాట కొట్టేసి, కాగితం నాకు మల్ల పంపుండ్రి.”