నడుమంత చెట్ల ఎస్టేట్

ముందు సంతోషం సంగతి చెప్పేస్తాను, లేకపోతే పగిలిపోయేలా ఉన్నాను. నా మాస్టర్స్ అయిపోయింది. అమ్మ వైపు, నాన్న వైపు అందర్నీ కలిపి చూసినా, కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. ఇప్పుడు అమెరికా డిగ్రీ కూడా వచ్చేసింది. ఫుడ్ సైన్స్, అందులోనూ పులియబెట్టే విద్య. అంతకంటే పెద్ద కబురు ఇంకోటుంది. ఫ్రాన్స్‌లో, బోర్డో ప్రాంతంలో, ఒక ద్రాక్ష ఎస్టేట్ వాళ్ళు ఈసారి కోతలకి నన్ను తీసుకున్నారు. కోతలయ్యాక చలికాలం బ్లెండింగ్ దాకా ఉండమన్నారు.

ఆ ఎస్టేట్ పేరు రాయను. వాళ్ళ ఎర్ర వైన్ ఒక్క రకం ద్రాక్షతో చేసేది కాదు. కాబర్నే, మెర్లో, ఇంకా చెయ్యి విదిల్చినంత పెటీ వెర్దో. ఏ రకాన్ని ఆ రకంగా కోసి, దేని తొట్టిలో దాన్ని పులియబెట్టి, చలికాలంలో బల్ల చుట్టూ కూర్చుని, రుచి చూసి చూసి ఏది ఎంత కలపాలో తేలుస్తారు. కాబర్నే ఒక్కటే తాగితే నోరు బిగుసుకుపోయినట్టు ఉంటుంది. మెర్లో కలిస్తే ఆ బిగువు సడలుతుంది. ఇది మొదటిసారి క్లాసులో విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. మగతాడు, ఆడతాడు, అంటే మగ, ఆడ తాటిచెట్ల కల్లు రెండూ దొరికే రోజుల్లో మా నాన్న చేసేది ఇదే. ఈ చెట్టుకి కట్టిన లొట్టి, అదే కల్లు కుండ, వేరు, ఆ చెట్టు లొట్టి వేరు. రెండూ అరచేతిలో పోసుకుని రుచి చూసి, అప్పుడు పెద్ద కుండలో కలుపుతాడు.

మా నాన్న కల్లు గీస్తాడు. భువనగిరి దగ్గర మా ఊళ్ళో తాటిచెట్లు, మా మాటలో తాళ్ళు, ఎక్కుతాడు. ఇక్కడ ఎంత తేలిగ్గా రాసేశానో చూడండి. ఇదే మాట ఒక హాల్లో, నా కోసమే పెట్టిన పార్టీలో, అననివ్వకుండా నా నోరు నొక్కాలని చూశారు. ఆ కోపం ఇంకా దిగలేదు.

ఎస్టేట్ వాళ్ళ ఇంటర్వ్యూ వీడియోలో జరిగింది. వైన్ సెల్లార్ చూసే పెద్దావిడ, నెరిసిన జుట్టు, చేతులకి ద్రాక్ష మరకలు. "పులియబెట్టడం ఎక్కడ నేర్చుకున్నావు?" అని అడిగింది. "ల్యాబ్‌లో రెండేళ్ళు, మా ఇంటి ముందు పుట్టినప్పట్నుంచీ" అన్నాను. ఇక నా థీసిస్ సంగతే అడగలేదు. మీ నాన్న చెట్టు ఎలా ఎక్కుతాడు, గెల ఎలా కోస్తాడు, లొట్టి లోపల సున్నం ఎందుకు పూస్తారు, ఎండ ముదిరితే ఏం చేస్తాడు, అన్నీ అవే ప్రశ్నలు. ఫ్రాన్స్‌లో ఉన్న ఆవిడకి చెప్పుకోగలిగిన మాట, అమెరికాలో నేనుండే మోరిస్‌విల్‌లో తెలుగువాళ్ళ ముందు చెప్పకూడదట.

మోరిస్‌విల్‌లో నేను ఒక అంకుల్, ఆంటీల ఇంట్లో పైగది అద్దెకి తీసుకుని చదువుకున్నాను. మంచివాళ్ళు. నాకు జ్వరమొస్తే ఆంటీ మిరియాల చారు పెట్టింది, డ్రైవింగ్ అంకుల్ నేర్పాడు. పార్టీ కూడా వాళ్ళే తలపెట్టారు. అసలు మంట అక్కడే. చెడ్డవాళ్ళయితే కోప్పడటం ఎంత సులువు!

పార్టీ రోజు మధ్యాహ్నం ఆంటీ బిర్యానీ ట్రేల మీద ఫాయిల్ బిగిస్తోంది. నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. అంకుల్ వచ్చి ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడ్డాడు.

"చూడమ్మా, నేను చెప్పేది నీ మంచికే. సాయంత్రం పెద్ద పెద్దవాళ్ళొస్తున్నారు. నాన్నగారేం చేస్తారని ఎవరైనా అడిగితే అగ్రికల్చర్ అను, సరిపోతుంది."

"కల్లు గీస్తారు అంకుల్."

"అదేనమ్మా, అదీ అగ్రికల్చరేగా! చెట్టే కదా!"

ఆంటీ తలెత్తకుండా అంది, "పోనీలేండి, దాన్ని వదిలెయ్యండి. ఎవరడుగుతారు?"

"ఎందుకడగరు? మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న అదే."

ఆ మాట మాత్రం నిజం.

సాయంత్రం హాలు నిండిపోయింది. బెలూన్లు, కేకు, సోఫాలు చాలక గరాజ్‌లోంచి తెచ్చిన మడత కుర్చీలు. నన్ను పక్కన నిలబెట్టుకుని అంకుల్ పరిచయం మొదలుపెట్టాడు. "మా అమ్మాయి లాంటిదే. ఫ్రాన్స్‌లో వైన్ ఎస్టేట్‌కి వెళ్తోంది. అసలు వీళ్ళదే ఎస్టేట్ ఫ్యామిలీ! నాన్నగారికి ఊళ్ళో తాటితోపులున్నాయి."

అగ్రికల్చర్ కాస్తా తాటితోపులైపోయింది. మా నాన్న ఎక్కే తాళ్ళలో ఒక్కటీ మాది కాదు. మర్యాదకి నవ్వానేమో, గుర్తులేదు.

అందరికంటే ముందు ఈ దేశం వచ్చిన ఒక డాక్టరు గారు, ఇప్పుడు రిటైరయ్యారు, సోఫాలోంచే అందుకున్నారు. "తాటితోపులా? అయితే కల్లు బిజినెస్సన్నమాట! మా చిన్నప్పుడు పాలేళ్ళు తాగొచ్చి గోల చేసేవాళ్ళు. మొత్తానికి కల్లు నుంచి వైన్‌కి ప్రమోషన్ కొట్టావమ్మాయ్!"

హాలంతా నవ్వింది. అంకుల్ అందరికంటే గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు ఇంకా నా చెవిలో ఉంది.

ఆ నవ్వు మీదే అంకుల్ వంటింట్లోకి వెళ్ళి ఒక సీసా తెచ్చాడు. చూసి నేను ఆశ్చర్యపోయాను. నేను వెళ్ళబోయే ఎస్టేట్‌దే! ఆ ఎర్ర బ్లెండే! ఆయన ఆఫీసులో మేనేజరెవరో ఎప్పుడో బహుమతిగా ఇచ్చారట. "గ్రీన్ కార్డ్ వచ్చిన రోజు తెరుద్దామని దాచానండి. అదెప్పుడొస్తుందో దేవుడికే తెలియదు. మా పిల్లకి డిగ్రీ వచ్చింది, ఆ ఎస్టేట్‌లోనే ఉద్యోగం వచ్చింది. ఇంతకంటే మంచిరోజు ఇంకేముంది?"

ఆ క్షణం నా కోపం సగం చల్లారింది. ఎన్నో ఏళ్ళుగా క్యూలో నిలబడ్డ మనిషి, ఆ క్యూ చివర్లో తాగుదామని దాచుకున్న సీసాని నా కోసం తెరుస్తున్నాడు. కానీ దాన్ని ఎక్కణ్నుంచి తీశాడో చూశాను. స్టవ్ పైన క్యాబినెట్. రోజూ పోపు వేడి, సాంబారు ఆవిరి, అప్పాలు వేయించే నూనె పొగ. అన్నేళ్ళూ సీసా నిలువుగా నిలబడే ఉంది. కార్క్ ఎండిపోయి పొడిపొడిగా ఊడొచ్చింది. గ్లాసులో పోస్తుంటేనే తెలిసింది. రంగు ఇటుక రంగుకి తిరిగింది. వాసన వెనిగర్, మాడిన ఎండుద్రాక్ష.

"అబ్బ! ఎంత స్మూత్‌గా ఉందో!" అన్నారు డాక్టరు గారు.

"ఫ్రెంచి కదండీ!" అన్నాడు అంకుల్.

అందరూ కళ్ళు మూసుకుని తలలూపారు. నేను గ్లాసు పట్టుకుని నిలబడ్డాను.

అప్పుడే నాన్న వీడియో కాల్ చేశాడు. ఇక్కడ చీకటి పడుతుంటే మా ఊళ్ళో తెల్లారుతుంది. టేబుల్ మీదున్న ఫోన్‌ని నాకంటే ముందు అంకుల్ అందుకున్నాడు. "నాన్నగారూ! మీ అమ్మాయి ఫంక్షన్ చూడండి!" అంటూ స్క్రీన్ ఎత్తాడు. నాన్న అప్పుడే చెట్టు దిగాడు. చొక్కా లేదు. భుజాన చెట్టెక్కే మోకు, నడుముకి కత్తుల పొది, ఛాతీ నిండా చెట్టు గీరిన నల్లటి కాయలు.

అంకుల్ చెయ్యి ఆగింది. "అయ్యో, సిగ్నల్ పోయిందమ్మా" అంటూ ఫోన్‌ని సోఫా మీద బోర్లా పెట్టాడు.

సిగ్నల్ పోలేదు. సోఫాలోంచి మా నాన్న గొంతు వస్తూనే ఉంది. "బిడ్డా! ఇనవడ్తందా? గింత చీకటైందేందే!"

నా ఒళ్ళు భగ్గుమంది. మా నాన్నని బోర్లా పడుకోబెట్టాడు, అందరి ముందూ. ఫోన్ లాక్కుని స్క్రీన్‌ని హాలు వైపు తిప్పాను.

"ఇనవడ్తంది నాయినా. అందరూ ఇటు చూడండి. మా నాన్న. తాటితోపులేం లేవు. ఊళ్ళో ఉన్న తాళ్ళు ఎక్కుతాడు, కల్లు గీస్తాడు. నా ఫీజు ఆ కల్లులోంచే వచ్చింది. ఎస్టేట్ వాళ్ళు నన్ను తీసుకున్నది కూడా ఆ కల్లు చూసే."

కేకు కోసం తోసుకుంటున్న పిల్లలు ఫోన్ దగ్గరికొచ్చి తొంగిచూశారు. నా కోపం నాన్నకి పట్టలేదు. స్క్రీన్‌లో ఇంతమంది కనబడ్డ సంబరంలో ఉన్నాడు.

"దండాలయ్యా అందరికి! తిన్నరా? బిడ్డా, నువ్వు వొయ్యే కాడ చెట్లు ఎంతెత్తుంటయే?"

"నడుమంత, నాయినా."

"నడుమంతనా? ఇగ ఎక్కేదేముంది, వంగుడే గద! గంత దానికి సముద్రం దాటి పోవాల్నా?"

మళ్ళీ నవ్వారు. ఈసారి నవ్వు వేరు, అందులో నేనూ ఉన్నాను. ఆంటీ అయితే కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వి, ఫోన్ తీసుకుని, "అన్నయ్యా, మీ అమ్మాయికి ఉల్లిపాయలు తిన్నగా తరగడమే రాదు, ఇక ద్రాక్ష ఏం కోస్తుందో" అంది. ఆ ఒక్క 'అన్నయ్యా'తో ఆమె మీద నాకు ఏ కోపమూ మిగల్లేదు.

డాక్టరు గారు మాత్రం ఊరుకోలేదు. గ్లాసెత్తి, "సరే, గీత కార్మికుల బిడ్డవి కదా, మరి ఈ వైన్ ఎలా ఉందో చెప్పు చూద్దాం" అన్నారు.

మా ఇంట్లో ఒక పద్ధతుంది. లొట్టి చెడితే నాన్న దాన్ని ఎవరి గ్లాసులోనూ పొయ్యడు. కొనడానికొచ్చినవాళ్ళు చూస్తుండగానే మట్టిలో వంపేస్తాడు. ఎంత ఎత్తు చెట్టు నుంచి దించినా సరే. చెడ్డది పోసి తాగమనడం ఆ మనిషికి అవమానం అంటాడు.

"చెడిపోయింది డాక్టరు గారూ. వెనిగర్ అయింది" అన్నాను. సీసా తీసుకెళ్ళి, హాల్లోకి కనబడే సింక్‌లో, చివరి చుక్క దాకా వంపేశాను.

అంకుల్ మొహం చూడకుండా ఉండలేకపోయాను. అవమానం కంటే ముందు ఇంకేదో కనబడింది ఆ మొహంలో. దాచుకున్న రోజొకటి సింక్‌లో పోయినట్టు. నాకు బాధేసింది. కోపం మాత్రం తగ్గలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చని అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున కాఫీ దగ్గర ఆయన గొంతు తగ్గించి, "నాకు చాటుగా చెప్పుండాల్సిందమ్మా. నలుగురిలో పారబోశావు" అన్నాడు.

"మీరు కూడా మా నాన్నని నలుగురిలోనే బోర్లించారు అంకుల్."

ఆయన కాఫీ పూర్తిగా తాగి, లేచి, కప్పు కడిగి వెళ్ళిపోయాడు. ఆంటీ ఆ ఖాళీ సీసాని కడిగి, మనీ ప్లాంట్ తీగ పెట్టి, లేబుల్ ఇవతలికి కనబడేలా కిటికీలో పెట్టింది. "పోనీ, దీనికైనా పనికొచ్చింది" అంది.

నిన్న పక్కింటి కొత్తాయన, ఆయనా తెలుగే, డ్రైవ్‌వేలో అంకుల్‌ని పలకరించాడు. నేను పైగది కిటికీ తెరిచి సూట్‌కేసు సర్దుకుంటున్నాను. "మా పై రూమ్ అమ్మాయండీ, ఫ్రాన్స్‌లో పెద్ద ఎస్టేట్‌కి వెళ్తోంది" అంటున్నాడు అంకుల్.

"అలాగా! నాన్నగారేం చేస్తుంటారు?"

మొదటి ప్రశ్న. నేను చేతిలో బట్టలు అలాగే పట్టుకుని నిలబడ్డాను. అంకుల్ ఒకసారి నా కిటికీ వైపు చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"వాళ్ళ నాన్నగారు... తాళ్ళు ఎక్కుతారండీ" అన్నాడు. నేను ఊపిరి వదలబోయాను. వెంటనే తగిలించాడు, "అంటే, ట్రెడిషనల్ బెవరేజెస్ ఫీల్డ్‌లో ఉన్నారు."

కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాను.

"కల్లు గీస్తడు, అంకుల్!"