పదహారు పళ్ళ ఫ్రీవీలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాకన్నా తెలివైనవాళ్ళు లేరని నాకు గట్టి నమ్మకం. ఆ నమ్మకం నాకు ఊరికే రాలేదు, మా అమ్మా బాపూ కలిసి కలిగించారు. బాపు కొత్తవాడలో జంపఖానాలు నేసేవాడు. అమ్మ పక్కన కూర్చొని నూలు కండెలు చుట్టేది. ఇద్దరికీ చదువు రాదు. ఇంటికి ఏ ఉత్తరం వచ్చినా, ఏ కాగితం వచ్చినా "బిడ్డను అడుగు" అనేవాళ్ళు. ఐదో తరగతి చదివే పిల్లను రోజుకు పదిసార్లు అడిగితే దాని తలకాయ ఎక్కడుంటుంది? ఆకాశంలో ఉండేది.

మాకో పాత సైకిలు ఉండేది. దాని అసలు రంగేమిటో ఇంట్లో ఎవరికీ తెలియదు. వారానికి రెండుసార్లు బాపు నేసిన జంపఖానాలను గట్టిగా చుట్టి, వెనక క్యారేజీకి కట్టుకొని హన్మకొండలోని దుకాణానికి చేర్చేవాడు. వచ్చేటప్పుడు నూలు తెచ్చుకునేవాడు. ఆ రాకపోకల మీదే మా ఇల్లు నడిచేది. తోవలో ఒకచోట రోడ్డు బాగా ఎత్తుకు ఎక్కుతుంది. దాన్ని మేము 'గడ్డ' అనేవాళ్ళం. ఎంత బరువున్నా బాపు ఆ గడ్డ మీద సైకిలు దిగడని వాడలో పేరుండేది. ఆ పేరంటే నాకూ చచ్చేంత గర్వం.

ఆ ఏడాది వానాకాలంలో బాపుకు టైఫాయిడ్ వచ్చింది. రెండు నెలలు మంచం మీదే ఉన్నాడు. లేచాక మగ్గం దగ్గర కూర్చోగలిగాడు గానీ, సైకిలు మీద బరువు పెట్టుకొని పోవాలంటే ఊపిరి ఆడేది కాదు. సరిగ్గా అప్పుడే మా మేనమామ భీవండి నుంచి వచ్చాడు. అక్కడ పవర్‌లూముల్లో పని చేసేవాడు. "బావా, నాతోని రారాదా. ఆడ కరెంటు మగ్గాలు, కాళ్ళకు పనే లేదు" అని రోజూ చెవిలో ఇల్లు కట్టుకొని పోరుపెట్టాడు. అలా పోయినవాళ్ళు ఏడాదికి ఒకసారి వచ్చి, పిల్లలు గుర్తుపట్టక తల్లి చాటున దాక్కుంటే చూసి పోవడం మా వాడలో నేను ఎరుగుదును. బాపు పోకూడదు. నాకు అంతే తెలుసు.

మాకు పాలు పోసే ఆయన సైకిలుకు రెండు పక్కలా క్యాన్లు కట్టుకొని తిరిగేవాడు. ఆయనే బాపుకు ఉపాయం చెప్పాడు. వెనక చక్రానికి ఉండే పళ్ళ బిళ్ళను, అదే ఫ్రీవీలును మార్పిస్తే తొక్కడం తేలికవుతుందట. బాపు ముఖం వెలిగింది. నన్ను పిలిచి సైకిలు అప్పగించాడు. "చాచాను అడుగు బిడ్డా. బరువు కట్టాలె, గడ్డ ఎక్కాలె, దానికేది మంచిదో అదే ఎయ్యమను" అన్నాడు.

చాచా మా గల్లీ చివర సైకిల్ టాక్సీ నడిపేవాడు. గంటల లెక్కన సైకిళ్ళు కిరాయికి ఇచ్చేవాడు, రిపేర్లూ చేసేవాడు. తెల్లగడ్డం, గ్రీజు చేతులు. నేను వెళ్ళేసరికి ఆయన ఒక ట్యూబు నీళ్ళలో ముంచి బుడగలు చూస్తున్నాడు. ఫ్రీవీలు కావాలన్నాను. "ఎన్ని పళ్ళది బిడ్డా?" అన్నాడు.

అడగమన్నాడు బాపు. నేను అడిగానా? నన్నే అడిగారాయె! గోడకు మేకుల మీద చిన్నవి, పెద్దవి వేలాడుతున్నాయి. చిన్నదానికి పదహారు, పెద్దదానికి ఇరవై రెండు పళ్ళని చాచానే చెప్పాడు. నేను నేతగాని బిడ్డను. మగ్గానికి పన్నె అని ఒకటి ఉంటుంది. దువ్వెనలాగా సన్నని పళ్ళు, వాటి సందుల్లోంచి నూలు పోగులు సాగుతాయి. పళ్ళు ఎక్కువున్న పన్నె అంటే సన్ననేత, ఎక్కువ పోగులు, నడుము విరిగే చాకిరీ. పళ్ళు తక్కువుంటే ముతకనేత, చకచకా సాగే పని. పుట్టినప్పటి నుంచి చూస్తున్నదే కదా. పళ్ళు తగ్గితే చాకిరీ తగ్గుతుంది. ఇందులో ఒకరిని అడిగేదేముంది?

"పదహారుది" అన్నాను.

చాచా తలెత్తి చూశాడు. "పదహారా? మీ బాపే చెప్పిండా?"

"బాపే చెప్పిండు."

ఎంత సులువుగా వచ్చిందో ఆ అబద్ధం! చాచా నవ్వి, "ఏంది, రేసుకు పోతాండా మీ బాపు?" అంటూ పాతది విప్పి పదహారుది బిగించాడు. నేను సైకిలును పెళ్ళికొడుకును తెచ్చినట్టు ఇంటికి తోసుకొచ్చాను.

మొదటిరోజు బాపు గల్లీ దాటేటప్పుడు సైకిలు ఉరికింది. అరుగు మీద నిలబడి చప్పట్లు కొట్టాను. సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆయన అంగీ పిండితే నీళ్ళు కారేలా ఉంది. ఎట్లుందని అడిగితే "మంచిగనే ఉంది బిడ్డా" అన్నాడు. రెండోసారి పోయినప్పుడు మధ్యాహ్నానికే వచ్చేశాడు. కట్టిన జంపఖానాలు కట్టినట్టే క్యారేజీ మీద ఉన్నాయి. గడ్డ సగంలో కళ్ళు తిరిగాయట. రోడ్డు పక్కన కూలబడితే ఎవరో నీళ్ళు తాగించారట. అమ్మ చుట్టే కండె చేతిలోనే ఆగిపోయింది.

"నాతోని అయితలేదే" అన్నాడు బాపు. "ఫ్రీవీలు మార్చినా గడ్డ ఎక్కలేకపోతున్ననంటె, ఇగ నా కాళ్ళల్ల సత్తువ లేనట్టే. శుక్రవారం మామతోని భీవండి పోత."

ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తన మోకాళ్ళను అరచేతులతో రుద్దుకుంటూ ఉన్నాడు. అంతటి మనిషి అంత చిన్నగా కూర్చోవడం నేను అంతకుముందు చూడలేదు. మర్నాటి నుంచే అమ్మ ఆయన బట్టలు ఉతికి మడతపెట్టడం మొదలుపెట్టింది.

బుధవారం బడి నుంచి వచ్చి, ఏమీ తోచక సైకిలు తీసుకున్నాను. సీటు అందేది కాదు. కడ్డీ కిందినుంచి కాలు దూర్చి తొక్కేదాన్ని. మట్టెవాడ పోయే తోవలో ఒక చిన్న ఎత్తుంది. ఎన్నోసార్లు ఎక్కించాను దాన్ని. ఆ రోజు సగానికి రాకముందే పెడలు బిగుసుకుపోయినట్టయింది. బలమంతా పెట్టి నిలబడి తొక్కితే సైకిలూ నేనూ కలిసి పడ్డాం. మళ్ళీ ఎక్కించాను, మళ్ళీ పడ్డాను. మోచెయ్యి గీరుకుపోయింది. నాకేం టైఫాయిడ్ రాలేదు కదా! అప్పుడు తెలిసింది. లోపం బాపు కాళ్ళలో లేదు, నేను తెచ్చిన బిళ్ళలో ఉంది.

ఇంటికి పరుగెత్తి చెప్పాల్సింది. చెప్పలేదు. ఎవరికీ తెలియకుండా మార్పించేస్తే సరిపోతుందనుకొని నేరుగా చాచా దగ్గరికి పోయాను. సైకిలు ఎత్తు ఎక్కడం లేదన్నాను. ఆయన సైకిలును తలకిందులుగా నిలబెట్టాడు. వెనక టైరు మీద సుద్దముక్కతో గీత పెట్టి, పెడలు చేత్తో ఒక్క చుట్టు తిప్పమన్నాడు. తిప్పాను. గీత దాదాపు మూడుసార్లు తిరిగింది. ఆ తర్వాత ఆ ఫ్రీవీలు విప్పి ఇరవై రెండు పళ్ళది బిగించి, గొలుసు చాలకపోతే చిన్న ముక్క అతికి, మళ్ళీ తిప్పమన్నాడు. ఈసారి రెండే చుట్లు. చెయ్యి మాత్రం వెన్నలో తిరిగినట్టు తిరిగింది.

"చూసినవా? చిన్నది ఉరికిస్తది, పానం తీస్తది. పెద్దది నిమ్మలంగ పోతది, మనిషిని మోస్తది" అన్నాడు చాచా. పన్నె సంగతి చెప్పాను. ఆయన పకపకా నవ్వి, "గది మగ్గం, గిది సైకిల్. అడిగితే చెప్పకపోదునా బిడ్డా" అన్నాడు. అడగమని బాపు చెప్పిన సంగతి మాత్రం నేను చెప్పలేదు.

సరిగ్గా అప్పుడే బాపు వచ్చాడు. వెంట మామ కూడా ఉన్నాడు. బాపు తాను భీవండిలో ఉన్నన్ని రోజులు సైకిలును చాచా దుకాణంలో పెట్టుకొమ్మని అడగడానికి వచ్చాడట. తలకిందులుగా ఉన్న సైకిలును, గీరుకుపోయిన నా మోచేతిని చూసి ఏమైందన్నాడు. నేను నోరు తెరిచేలోపే చాచా లేచి నిలబడ్డాడు.

"గల్తీ నాది తమ్మీ. బరువుకు ఎయ్యరానిది ఏసిన. ముసలోన్ని, నజర్ తప్పింది. మాఫ్ చెయ్యి" అన్నాడు.

బాపు తండ్రి వయసున్న మనిషి చేతులు జోడిస్తున్నాడు, నా కోసం. నన్ను కాపాడాడని ఊపిరి పీల్చుకోవాల్సింది. కానీ ఆ జోడించిన చేతులు చూడలేకపోయాను. ఏడుపు తన్నుకొచ్చింది. "చాచా గాదు బాపూ, నేను! నువ్వు అడుగుమన్నవ్, నేను అడగలే. నువ్వే పదహారుది చెప్పినవని అబద్ధం చెప్పిన" అని అరిచినట్టే చెప్పేశాను. చెంప పగులుతుందని కళ్ళు మూసుకున్నాను.

దెబ్బ పడలేదు. కళ్ళు తెరిచేసరికి బాపు వంగి, ఆ పెడలును చేత్తో తిప్పుతున్నాడు. ఒకసారి, రెండుసార్లు. విప్పిపడేసిన చిన్న ఫ్రీవీలును తీసుకొని అటూ ఇటూ చూశాడు. తర్వాత చాచా వైపు తిరిగి, చిన్నపిల్లవాడు అడిగినట్టు మెల్లగా అడిగాడు.

"గట్లయితె భాయ్, నా కాళ్ళు మంచిగనే ఉన్నయన్నట్టా?"

"నీ కాళ్ళకేమైంది తమ్మీ? టైఫాయిడ్ నుంచి లేచి, పదహారుమీద గడ్డ సగం ఎక్కినవ్. ఇంకోడైతే మొదట్లనే పడిపోతుండె" అన్నాడు చాచా.

బాపు అక్కడి బల్ల మీద కూర్చొని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు. బహుశా రెండూనేమో. కాసేపటికి నన్ను దగ్గరికి తీసుకొని, మోచేతి మీద మట్టి దులిపాడు. "నాలుగు దినాల సంది నన్ను నేనే తిట్టుకుంటున్న బిడ్డా. ఒక్క మాట చెప్తె అయిపోతుండె గదనే" అన్నాడు. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ ఒక్క మాటకే నేను ఇంటిదాకా ఏడుస్తూ నడిచాను.

మర్నాడు బాపు మళ్ళీ బరువు కట్టాడు. నేను బడి ఎగ్గొట్టి వెనకాలే పోయాను. సైకిలు ఎంత నెమ్మదిగా పోయిందంటే నేను నడుస్తూనే అందుకున్నాను. గడ్డ మీద మమ్మల్ని దాటిపోని బండి లేదు. బాపు దాటినవాళ్ళ వైపు చూడలేదు. రెండుసార్లు కాలు కింద పెట్టి ఊపిరి తీసుకున్నాడు, మళ్ళీ తొక్కాడు. పైకి చేరాక వెనక్కి తిరిగి నా వైపు చూసిన చూపు ఉందే, అది నాకు చాలు. శుక్రవారం మామ ఒక్కడే రైలెక్కాడు.

తర్వాత నేను ముప్పై ఏళ్ళు బడిలో లెక్కలు చెప్పాను. ఒకసారి బోర్డు మీద నేనే ఒక అంకె తప్పు వేశాను. వెనక బెంచీ పిల్ల ఒకతి సరిగ్గా చేసిన తన లెక్కను కొట్టేసుకొని, మళ్ళీ చేసి, మళ్ళీ కొట్టేసుకొని, చివరికి "నాకు లెక్కలు రావు టీచర్" అని ఏడ్చింది. పుస్తకం చూశాక నా తప్పు నాకు కనపడింది. ఆ క్లాసులో ఆ క్షణాన టీచరుదే తప్పని చెప్పడానికి సిగ్గుపడ్డానా అంటే, పడ్డాను. అయినా సుద్దముక్క కింద పెట్టి అందరి ముందూ చెప్పాను, తప్పు నాదని, ఆ పిల్ల లెక్క మొదటినుంచీ సరైనదేనని.

మనం చెప్పకుండా దాచిన తప్పు ఎక్కడికీ పోదు. మనల్ని నమ్మినవాళ్ళే దాన్ని తమ చేతగానితనం అనుకొని తమను తాము తిట్టుకుంటూ ఉంటారు. మా బాపు నాలుగు రోజులు అలా తిట్టుకున్నాడు. ఇంకెవరినీ ఒక్కరోజు కూడా అలా ఉంచకూడదని, తప్పు నాదని తెలిసిన రోజే చెప్పేస్తాను.