సాకెట్లో వేడి సున్నా

మా బావ భౌతికశాస్త్రం మాస్టారు. ఊళ్లో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు, "జౌళ్ల మాస్టారు" అంటేనే తెలుస్తుంది. కరెంటు వర్గాన్ని నిరోధంతో, దాన్ని మళ్లీ సెకన్లతో గుణిస్తే పుట్టే వేడి ఎన్ని జౌళ్లో వస్తుందని పాతికేళ్లుగా బోర్డు మీద రాస్తున్నారు. రాసి ఊరుకుంటే బాగుండేది. వాళ్లింట్లో నేను ఇస్త్రీపెట్టె ముట్టుకున్నానంటే, నా చొక్కా ముడత పోవడానికి ఎన్ని జౌళ్లు కావాలో చెప్పి గానీ వదలరు. మా అక్కకి ఈ భాగ్యం రోజూ ఉంటుంది.

ఆ మధ్య బకెట్లో రాడ్డు పెట్టి నీళ్లు కాచినప్పుడల్లా గోడ దగ్గర కాలిన వాసన రావడం మొదలైంది.

"ఏవండీ, ప్లగ్గు తీస్తుంటే చెయ్యి చురుక్కుమంటోంది. ఎలక్ట్రీషియన్ని పిలవండి," అంది అక్క.

లేచి చూస్తే ఆయన మా బావ ఎందుకవుతారు? కుర్చీలోంచే అందుకున్నారు. "వేడి పుట్టేది రాడ్డులోనే. తీగలదీ సాకెట్‌దీ నిరోధం సున్నా అనుకోవాలి. సున్నాతో దేన్ని గుణించినా ఎంత?"

"అనుకుంటే సరిపోతుందా?"

"పుస్తకంలో అలాగే ఉందే!"

నేనూ ఓ మాట వేశాను. "బావా, ఒక్కసారి చెయ్యి పెట్టి చూడరాదూ?"

"ఈ పాఠంలో నీకెన్ని మార్కులొచ్చాయిరా?" అన్నారు. పుస్తకం గెలిచింది.

వారం తిరక్కుండానే సాకెట్ కరిగి ప్లగ్గుకి అతుక్కుపోయింది. లాగబోయిన అక్కకి కుడి అరచెయ్యి బొబ్బలెక్కింది. ఆ చెయ్యి చూస్తే నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. పాపం, ఆస్పత్రికి బావే తీసుకెళ్లారు. దారి పొడవునా నోరు మెదపలేదు. పశ్చాత్తాపం కాబోలనుకున్నాను. మనసులో లెక్క కడుతున్నారట.

ఆ సాయంత్రమే నేను ఎలక్ట్రీషియన్ని తీసుకొచ్చి సాకెట్ మార్పించాను. లోపల బిగింపు వదులైందన్నాడు. పది నిమిషాల పని.

మర్నాడు భోజనాల దగ్గర బావ ముఖం వెలిగిపోతోంది. పరీక్ష పేపర్‌కి కొత్త ప్రశ్న దొరికిందట. పైకి చదివారు.

"ఒక గృహిణి ఇరవై నిమిషాలు నీళ్లు కాచినది. కరెంటు తొమ్మిది ఆంపియర్లు, వదులైన సాకెట్ నిరోధం అర ఓమ్. సాకెట్లో పుట్టిన వేడి ఎంత? నలభై ఎనిమిది వేల ఆరు వందల జౌళ్లు! చెయ్యి కాలదూ మరి?"

కట్టుతో ఉన్న చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో చెంచా పట్టుకుని తంటాలు పడుతోంది అక్క. తలెత్తి అడిగింది.

"ఆ ఇరవై నిమిషాలూ ఆవిడ మొగుడెక్కడున్నాడో ఇవ్వలేదేం?"

"లెక్కకి అది అక్కర్లేదే."

"నాకు కావాలి."

బావ కాగితం పక్కన పెట్టేశారు. కుర్చీ జరుపుకుని అక్క పక్కకి వచ్చి, తినిపిద్దామని చెంచా కోసం చెయ్యి చాచారు.

అక్క చెంచా ఇవ్వలేదు.