పెత్రమాస నాడు నాన్న పిలిచిన పేరు

దెయ్యాలంటే నవ్వే మనిషిని నేను. రాయచూరులో మాది విత్తనాల దుకాణం. వేసింది మొలుస్తుంది, వేయనిది మొలవదు. అంతకు మించి దేన్నీ నమ్మాల్సిన అవసరం నాకు పడలేదు.

మా పెద్దల ఊరు కృష్ణ ఒడ్డున ఉండేది. పెద్ద కరువులో నాన్న ముత్తాత హనుమప్ప, చంటిబిడ్డను చంకనేసుకుని అక్కడి నుంచి నడిచి వచ్చేశాడట. ఆ బిడ్డే నాన్నకు తాత. బిడ్డ తల్లి పేరు మాత్రం ఇంట్లో ఎవరికీ తెలియదు. పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య నాడు, చనిపోయిన పెద్దలను ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలిచి, అయ్యగారికి బియ్యం, కూరగాయలు ఇస్తాం. ఆమె వంతు వచ్చేసరికి నాన్న గొంతు తగ్గేది. "పేరు తెల్వని తల్లికి" అనేవాడు.

థర్మల్ ప్లాంటు వచ్చి ఆ పాత ఊరి నేల కూడా పోయాక ఆయనకు ఆరాటం ఎక్కువైంది.

"నేను పోయేలోపల ఆమె పేరు తెల్సుకోవాలె రా. పేరు లేకుంట పిలిస్తే ఎట్ల వస్తది?" అని నా వెంట పడ్డాడు.

వంశాల పేర్లు రాసుకుని ఊరూరా తిరిగి చదివేవాళ్లను మా వైపు హెళవలు అంటారు. మా వంశం పుస్తకం ఉన్న హెళవ నాన్న పుట్టకముందే రాక మానేశాడట. చెప్పులరిగేలా తిరిగి, పోతనాళ దగ్గర అతని మనవణ్ణి పట్టుకున్నాను. పుస్తకం వెతికి తెస్తానన్నాడు.

అతను వచ్చేలోపే పెత్రమాస వచ్చింది. పొద్దున పదింటికి నాన్న వరుసగా పేర్లు పిలుస్తున్నాడు. ఆ తల్లి వంతు దగ్గర ఏమాత్రం తడబడకుండా "తిమ్మక్కకు" అన్నాడు. అయ్యగారూ విన్నారు, అమ్మా విన్నది, నేనూ విన్నాను.

అడిగితే నాన్న తెల్లబోయాడు. "తిమ్మక్క ఎవరు? ఎప్పటిలెక్కనే అన్న గదరా!"

వయసు మీద పడింది, నోరు జారిందిలే అనుకున్నాను.

నాలుగో రోజు ఆ హెళవ మనవడు వచ్చాడు. మేమేమీ చెప్పకముందే పుస్తకం తెరిచి కన్నడంలో చదివాడు. హనుమప్ప భార్య తిమ్మక్క. జ్వరంతో నడవలేక దారిలోనే ఉండిపోయింది. బిడ్డ పెద్దయ్యాక తనను వెతుక్కుంటూ ఆ కరువు నేలకు రాకూడదని, తన పేరు వాడికి చెప్పనని మొగుడి చేత ఒట్టు వేయించుకుంది. వంశం పుస్తకంలో అబద్ధం రాయించకూడదు గనుక హనుమప్ప ఆనాటి హెళవకు మాత్రం చెప్పాడు. వంశంలో ఎవరైనా వెతుక్కుంటూ వస్తేనే ఈ మాట చదవాలని పక్కన రాసి ఉంది.

నాన్న చిన్నప్పుడెప్పుడో విని మరిచి ఉంటాడని సరిపెట్టుకుందామంటే, చెప్పడానికి తెలిసినవాళ్లే ఇంట్లో లేరు. ఆ పేరు నాన్న నోటికి ఎలా వచ్చిందో ఇన్నేళ్ల తర్వాత కూడా నేను చెప్పలేను.

నాన్న దాని గురించి అడగనే లేదు. ఏడుస్తూ హెళవ చేతులు పట్టుకుని ఒక్కటే అడిగాడు.

"ఆమె నోట్ల ఎవరన్నా ఇన్ని నీళ్లు పోసిండ్రా?"

పుస్తకంలో అది రాసి లేదు.