లైను బాగుచేశాక మోగిన ఫోన్

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. గుమ్మానికి నిమ్మకాయలు కట్టుకునేవాళ్లను చూస్తే, పులిహోరకు పనికొచ్చేవి ఎండబెడుతున్నారే అనుకునే మనిషిని. నాలుగో తరగతితో బడి మానేశాను కానీ, చీకట్లో పెరట్లోకి వెళ్లడానికి ఏనాడూ ఒకరిని తోడు పిలవలేదు. అలాంటి నాకు మా ఇంట్లో జరిగిన ఈ సంగతి ఎటు తిప్పి చూసినా అంతు చిక్కడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

మాది సూర్యాపేట. మా ఆయన మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమాస్తాగా చేసేవారు. రోజూ బస్సులో వెళ్లి వచ్చేవారు. ఆయన పోయి కొన్నేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో నేనొక్కదాన్నే. టీవీ పెట్టుకుంటే ఎవరో ఉన్నట్టుంటుందని పక్కింటావిడ అంటుంది. చూడని దానికి కరెంటు ఎందుకు కాల్చాలని నేను పెట్టను.

కిందటేడు నా కూతురి కూతురు స్వప్న నా దగ్గరికి వచ్చింది. వాళ్లది నడిగూడెం. కోదాడలో ఇంజనీరింగ్ చదివి, ఇంటి నుంచే చేసే ఉద్యోగం కోసం చూస్తోంది. వాళ్ల ఇంట్లో సెల్లు సిగ్నల్ మేడెక్కితే తప్ప దొరకదు. మా ఇంట్లో పాత ల్యాండ్‌లైన్ ఉంది కదా, దాని మీదే నెట్ పెట్టించుకుంటానంది. ఉద్యోగం వస్తే ఇక్కడే ఉండి చేసుకుంటుంది. రాకపోతే తిరిగి నడిగూడెం వెళ్లిపోతుంది. ఈ మాట తను మామూలుగా చెప్పింది. నేనూ మామూలుగా విన్నట్టే ఉన్నాను.

నెట్ పెట్టారు గానీ అది నడవలేదు. మొదటి ఇంటర్వ్యూలో స్వప్న మొహం నోరు తెరిచినట్టే తెర మీద ఆగిపోయిందట. అవతలి వాళ్లు కాసేపు చూసి వెళ్లిపోయారు. ఆ రోజు పిల్ల అన్నం ముట్టలేదు. తరవాత ఇంకో కంపెనీ వాళ్లు పిలిచారు. ఈసారి కూడా ఇట్లాగే అయితే బట్టలు సర్దుకోవడమే అంది.

నేనే ఫోన్ల ఆఫీసుకు వెళ్లి గట్టిగా అడిగితే యాదగిరి అనే లైన్‌మన్ వచ్చాడు. నడివయసు మనిషి. నెట్ డబ్బా జోలికి పోకుండా ముందు మా పాత ఫోన్ తెమ్మన్నాడు. బీరువాలోంచి తీసిచ్చాను. గోడకున్న సాకెట్‌కు తగిలించి రిసీవర్ నా చెవి దగ్గర పెట్టాడు. పల్లీలు వేయించినట్టు ఒకటే గరగర. మా ఆయన పోయాక ఆ గోల భరించలేకే దాన్ని లోపల పెట్టేశాను.

"విన్నవా పెద్దమ్మా? ఉత్త లైన్‌లనే గింత గరగర ఉంటే ఇగ నెట్ ఎట్ల నడుస్తది? రెండూ ఒక్క తీగ మీదనే వస్తయి గద."

హాల్లోంచి వంటింటికి ఇంకో తీగ లాగి ఉంది. పొయ్యి దగ్గర ఉన్నా నాకు గంట వినబడాలని అక్కడ ఇంకో ఫోన్ పెట్టారు మా ఆయన. యాదగిరి ఆ తీగ పట్టుకుని గోడ వెంట పోయి పోయి ఆగాడు.

"ఇన్ని అతుకులు ఎవరేసిర్రు?"

"మా ఆయనే. మిగిలిన ముక్కలు ఉండంగ కొత్త వైరు ఎవరు కొంటరు?"

"మంచిగనే ఉంది. గివి పారేయకు, మ్యూజియంల పెడుదం."

స్వప్న పకపకా నవ్వింది. నాకు ఒళ్లు మండింది. అయినా చాయ్ ఇచ్చాను.

వంటింటి తీగను పూర్తిగా తెంపేశాడు. పచ్చగా చిలుము పట్టిన అతుకులు గీకి మళ్లీ కలిపాడు. నెట్ డబ్బాను స్వప్న గదిలోంచి తెచ్చి, బయటి వైరు ఇంట్లోకి వచ్చే చోటే, హాల్లో పెట్టాడు. స్వప్న సెల్లులో చూసి, "అమ్మమ్మా, వీడియో ఆగుతలేదు," అని గంతులేసింది. గోడ లోపల ఇంకొక అతుకు మిగిలిందట. స్తంభం నుంచి కొత్త వైరు వేస్తే గానీ అది పోదట. ఆఫీసులో వైరు లేదు, వచ్చాక వేస్తానన్నాడు.

"గప్పటిదాక పిల్ల నెట్‌ల ఉన్నప్పుడు ఫోన్ లేపకు పెద్దమ్మా. మోగితే మోగనియ్. లేపితే మాత్రం నెట్ కట్ అయితది."

"నాకు ఫోన్ చేసేటోళ్లు ఎవరున్నరయ్యా," అన్నాను.

ఆ సాయంత్రమే ఫోన్ మోగింది. రెండు రింగులు మోగి ఆగిపోయింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మా ఆయన మిల్లు నుంచి బయలుదేరేటప్పుడు ఇంటికి రెండు రింగులు ఇచ్చి పెట్టేసేవారు. ఫోన్ లేపితే కాల్‌కు డబ్బులు పడతాయి, లేపకపోతే ఖర్చు లేదు. రెండు రింగులంటే బస్సెక్కుతున్నానని. అప్పుడు నేను బియ్యం కడిగేదాన్ని. ముందే వండి మళ్లీ వేడి చేస్తే గ్యాస్ దండగ. ఆగకుండా మోగితే మాత్రం ఏదో అవసరం వచ్చిందని, అప్పుడు లేపాలి. ఇదీ మా ఒప్పందం. ఆయన ఉన్నన్నాళ్లూ అట్లా ఆగకుండా ఒక్కసారి కూడా మోగలేదు. ఈ పద్ధతి మా ఇద్దరికే తెలుసు. కూతురికి కూడా చెప్పలేదు. చెప్పుకునేంత గొప్ప సంగతా అది.

మొదటి రోజు రాంగ్ నంబరు అనుకున్నాను. మరునాడు దీపం పెట్టే వేళకు మళ్లీ రెండు రింగులు. ఆ తరవాతి రోజూ అంతే. నేను గట్టి మనిషినే. అయినా ఒక సాయంత్రం స్వప్న గిన్నె మూత తీసి, "అమ్మమ్మా, ఎవరొస్తున్నరు? గింతన్నం వండినవ్," అంది. చూస్తే నిజమే. ఆయన వంతు బియ్యం కూడా పోశాను. ఒక్క మెతుకు పారేసి ఎరుగని నేను. పొద్దున చద్దన్నం నేనే తిన్నాను.

యాదగిరికి స్వప్న చేత సెల్లులో ఫోన్ చేయించాను. ఎవడో ఆకతాయి అయి ఉంటాడు, కనుక్కోమన్నాను. అతను ఆఫీసులో చూసి, "మీ నంబర్‌కు ఒక్క కాల్ కూడ రాలే పెద్దమ్మా. ఉత్తగ మోగుతుందేమో, వైర్ మారుస్తే సక్కగైతది," అన్నాడు. ఉత్తగా మోగేది రోజూ అదే వేళకు, రెండే సార్లు ఎందుకు మోగుతుందో అతను చెప్పలేదు.

చుట్టాలను చూసొస్తానని చెప్పి నేను మిర్యాలగూడ బస్సెక్కాను. మిల్లులో ఆయనను ఎరిగినవాళ్లు ఎవరైనా ఉంటే అడుగుదామని. మిల్లు లేదు. ఆ జాగాలో ఫంక్షన్ హాలు ఉంది. గేటు దగ్గర వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"మిల్లా? ఎన్నడో కూలగొట్టిర్రమ్మా."

"ఆఫీసు గదిల ఫోన్ ఉండె."

"గోడలే లేకపాయె, ఫోన్ ఏడికెళ్లి వస్తది? కూసో, మంచినీళ్లు తాగి పో."

నీళ్లు తాగి, పొద్దు వాలుతుంటే ఆ గేటు ముందు కాసేపు నిలబడ్డాను. ఇంటికొచ్చాక స్వప్న చెప్పింది, ఎప్పటి వేళకే ఫోన్ మోగి ఆగిందని. అంటే నేను ఆ గేటు దగ్గర ఉన్నప్పుడే.

ఇంటర్వ్యూ రోజు వచ్చింది. కొత్త వైరు ఇంకా రాలేదు. కంపెనీ వాళ్లు పెట్టిన టైము కూడా సాయంత్రమే. స్వప్న తల దువ్వుకుని, మంచి చున్నీ వేసుకుని గదిలో కూర్చుంది. "అమ్మమ్మా, జర ఫోన్ ముట్టకు," అని తలుపు దగ్గరికి వేసింది. నేను హాల్లో ఫోన్ పక్కనే కూర్చున్నాను.

రెండు రింగులు మోగాయి. ఆగుతుందనుకున్నాను. ఆగలేదు.

మూడోది మోగింది. నాలుగోది మోగింది. నేను లేచి నిలబడ్డాను. లోపల స్వప్న ఇంగ్లీషులో గబగబా ఏదో చెబుతోంది, మధ్యలో నవ్వింది కూడా. చాలా రోజుల తరవాత మా ఇంట్లో మనిషి నవ్వు అంత ధైర్యంగా వినబడింది. రిసీవర్ మీద చెయ్యి పెట్టాను. గంట మోగినప్పుడల్లా అది చేతికింద వణుకుతోంది. లేపితే అవతల ఎవరున్నారో తెలుస్తుంది. ఎవరూ లేరని తెలిసినా చాలు. కానీ లేపితే తెర మీద పిల్ల మొహం మళ్లీ ఆగిపోతుంది. వారం తిరగకుండా నడిగూడెం బస్సెక్కుతుంది.

తీగ పీకేద్దామన్నా ఏ తీగ ఏదో నాకు తెలియదు. కుర్చీ మీది తువ్వాలు తీసి ఫోన్‌కు చుట్టాను. చంటిపిల్లకు చుట్టినట్టు చుట్టి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఒళ్లోనే అది చాలాసేపు మోగింది. తరవాత ఆగిపోయింది.

స్వప్న బయటికి వచ్చి నా మెడ చుట్టూ చేతులు వేసింది. బాగా చెప్పానంది. తరవాత, "ఎవరమ్మమ్మా గంతసేపు చేసిర్రు? ఇంటర్వ్యూ చేసే మేడమ్ కూడ అడిగింది, ఇంట్ల ఫోన్ మోగుతుంది, ఎత్తుతరా అని. వద్దులే అన్న," అంది. అంటే అది నా చెవుల భ్రమ కాదు. ఎక్కడో దూరాన ఉన్న ఆ మేడమ్‌కు కూడా వినబడింది.

ఉద్యోగం వచ్చింది. యాదగిరి స్తంభం నుంచి కొత్త వైరు వేశాడు. నెట్ బాగా నడుస్తోంది. ఫోన్ అక్కడే ఉంది. మళ్లీ మోగలేదు.

స్వప్న ఇక్కడే ఉంది. పొద్దంతా గది తలుపు వేసుకుని ఎవరెవరితోనో మాట్లాడుతుంది. అలసిపోయి బయటికి వచ్చి, మాట్లాడే ఓపిక లేక తిని పడుకుంటుంది. నేనేమీ అనను. కష్టపడే పిల్ల.

ఆ రోజు లేపకపోవడం తప్పని నేను అనుకోను. ఫోన్ చేసింది ఎవరో, అసలు ఎవరైనా చేశారో లేదో నాకు తెలియదు. తెలిసినవాళ్లను అడిగాను, ఎవరూ చెప్పలేకపోయారు. ఆయనే అయితే, అంత అవసరం ఏమొచ్చి ఉంటుందో కూడా నా ఊహకు అందదు. పొద్దు వాలగానే ఇప్పుడు హాల్లో కూర్చోలేను. దేవుడి దగ్గర దీపం పెట్టేసి, పీట తీసుకుని వాకిట్లోకి వచ్చి కూర్చుంటాను.